కప్పు మీద వేసిన పన్ను



ఈ పుటలో నెలనెలా ఇంటి సంగతులే వ్రాస్తున్నాను. అత్తాకోడళ్ల మాటలు, పిల్లల చదువులు, పండుగ అప్పులు, ఇలాంటివి. ఈ నెల ఒక పన్ను గురించి వ్రాస్తాను. పాస్టరుకు పళ్ళతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి గాని పుట తిప్పెయ్యకండి. మీ ఇంట్లో ఆరేళ్ళు దాటిన పిల్లలుంటే ఈ సంగతి ఏదో ఒకనాడు అక్కరకు రావచ్చు. రాకపోతే మరీ సంతోషం.

అది 2017 మే నెల. అప్పుడు మేము తెనాలికి 14 కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో ఉండేవాళ్ళం. మందిరం పక్కనే పెంకుటిల్లు, ఇంటి ముందు వేపచెట్టు, చెట్టు కింద బోరింగు. సెలవుల బైబిలు బడి జరుగుతున్న రోజులు గనుక తెల్లవారేసరికి ఆవరణ నిండా పిల్లలే. మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ళు నిండి రెండు నెలలైంది. ఆ ఉదయం అదీ, దాని స్నేహితురాలూ బోరింగు పిడి పట్టుకుని వేలాడుతూ నీళ్ళు కొడుతున్నారు. స్నేహితురాలు ఉన్నట్టుండి చెయ్యి వదిలేసింది. పిడి పైకి ఎగిరి మా పిల్ల మూతికి తగిలింది.

అరుపు విని మేమందరం పరుగెత్తాం. పిల్ల నోరంతా రక్తం, గౌను మీద రక్తం. మా ఇంటావిడ దాన్ని ఒళ్ళో వేసుకుని, తడిగుడ్డతో మూతి అదిమి పట్టుకుంది. కాసేపటికి రక్తం కాస్త తగ్గింది. నోరు తెరిపించి చూస్తే పైవరుసలో ముందరి పన్ను ఒకటి లేదు. విరగలేదు, వేరుతో సహా ఊడి వచ్చేసింది. మా అమ్మ బోరింగు చప్టా మీద వెతికి, తడిలో పడి ఉన్న పన్ను తీసి చేతిలో పట్టుకుంది. "పోనీలే తల్లీ, ఏడవకు, పాలపన్నే కదా, మళ్ళీ వస్తుంది" అన్నది.

నేను కూడా ఆ మాటే అన్నాను. ఈ వాక్యం వ్రాయడానికి నాకు కొంత సమయం పట్టింది. తరువాత జరిగినదంతా చాలాకాలం నేను వేరే విధంగా చెప్పుకున్నాను గనుక.

పిల్లను మధ్యలో కూర్చోబెట్టి, సెలవుల బడి పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి ప్రార్థన చేశాను. నా ప్రార్థనలు పొడుగని మా సంఘంలో అందరికీ తెలుసు. ఆ పూట కూడా పొడుగ్గానే చేశాను. కళ్ళు మూసుకుని నేను ప్రార్థిస్తుంటే, మా అమ్మ దొడ్డివైపు వెళ్ళి, గేదె పేడ కాస్త తీసి, ఆ పన్ను అందులో పెట్టి ఉండచేసి, పెంకుల మీదికి విసిరింది. మన పల్లెల్లో పెద్దవాళ్ళు చేసే పనే అది. పాలపన్ను ఊడితే పేడలో పెట్టి కప్పు మీద వేస్తే కొత్త పన్ను త్వరగా, వరుసగా వస్తుందని నమ్మకం. అంతకు నెల రోజుల ముందే మా పిల్లకు పక్కపన్ను ఒకటి కదిలి ఊడితే, దాన్ని కూడా అమ్మ అలాగే వేసింది. నేను చూసి, "పాస్టరు ఇంట్లో ఇదేం ఆచారమమ్మా" అని నవ్వి ఊరుకున్నాను. మొదటిసారి నవ్వినవాణ్ణి రెండోసారి ఏ ముఖంతో కోప్పడతాను? కాని కోప్పడ్డాను. అది ముందు చెబుతాను.

ఊళ్ళో ఉన్న ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి టి.టి. ఇంజక్షను చేసి, నొప్పికి మాత్రలిచ్చి వెళ్ళాడు. ఆ రోజు బడి జరిగింది. పిల్ల మధ్యాహ్నానికి గంజి తాగింది. మరునాటికి పైపెదవి వాచిపోయింది. మా ఇంటావిడ "ఏవండీ, ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపిద్దాం" అన్నది. నాకు బడి విడిచి వెళ్ళడం ఇష్టం లేదు. అయినా వెళ్ళాం.

తెనాలిలో ఆ డాక్టరుగారు పిల్లను కుర్చీలో పడుకోబెట్టి, దీపం వేసి చూసి, నావైపు తిరిగి అడిగిన మొదటి మాట, "పన్ను ఏది?"

"ఊడిపోయిందండీ."

"తెలుస్తున్నది. ఊడిన పన్ను ఏది? తెచ్చారా?"

ఊడిన పన్ను తేవడమేమిటో నాకు అర్థం కాలేదు. కప్పు మీద వేశామని చెప్పడానికి సిగ్గుపడి, పారేశామన్నాను. ఆయన చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టి, నాకు కోపం రాకుండా, మెల్లగా చెప్పారు. అది పాలపన్ను కాదు. పైవరుసలో మధ్యనుండే రెండు పళ్ళూ ఏడెనిమిదేళ్ళకే కొత్తవి వస్తాయి. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ చోట ఉన్నది జీవితాంతం ఉండవలసిన పన్ను. దాని కింద ఇక వేరే పన్ను లేదు. మళ్ళీ రాదు.

"నిన్న ఉదయం వెంటనే తెచ్చి ఉంటే?" అని మా ఇంటావిడ అడిగింది.

"తెచ్చి ఉంటే అదే గుంటలో పెట్టి కట్టేవాణ్ణి. నిలిచేదని మాట ఇవ్వలేను. నిలిచే అవకాశం మాత్రం ఉండేది."

తిరుగు బస్సులో మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. పిల్ల కిటికీ పక్కన కూర్చుని, నాలుకతో ఆ ఖాళీని తడుముకుంటూ ఉంది.

ఇల్లు చేరాక నేను చేసిన మొదటి పని నిచ్చెన తెచ్చి కప్పెక్కడం. డాక్టరుగారు "ఇప్పుడు తెచ్చినా అందులో ప్రాణం ఉండదు, పైగా పేడ తగిలిందంటున్నారు" అని చెప్పనే చెప్పారు, ఎందుకంటే చివరికి ఆయనకు నిజం చెప్పేశాను. అయినా ఎక్కాను. మే నెల ఎండలో పెంకులు కాలుతున్నాయి. ఎండి పిడకైపోయిన ఆ ఉండ రెండు పెంకుల సందులో దొరికింది. పగలగొడితే పన్ను ఉంది. తెల్లగా, పెద్దదిగా, అంగుళానికి కొంచెం తక్కువ పొడవు. చూడగానే అది పాలపన్ను కాదని నాబోటివాడికి కూడా తెలిసింది. తనంత తాను కదిలి ఊడే పాలపంటికి వేరు దాదాపు ఉండదు, కింది పన్ను ఎదుగుతూ ఆ వేరును కరిగించేస్తుంది. ఇది కిరీటం కంటే వేరే పొడవుగా ఉంది. ముందురోజు ఒక్క క్షణం చేతిలోకి తీసుకుని చూసి ఉంటే!

కప్పు దిగి, మా అమ్మ ముందు ఆ పన్ను పెట్టి, "నీ చేతులారా పిల్ల మొహం పాడుచేశావు" అన్నాను. ఇంకా ఏవో అన్నాను. ఆచారమన్నాను, అజ్ఞానమన్నాను. బడి పిల్లలు కొందరు అరుగు మీదనే ఉన్నారు. అమ్మ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఆ పన్ను తీసి కొంగున ముడివేసుకుని లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మా కుటుంబ ప్రార్థనకు అందరం కూర్చున్నప్పుడు పెద్దమ్మాయి, వాచిన పెదవితోనే, "నాన్నా, నువ్వు కూడా అక్కడే ఉన్నావుగా" అన్నది.

అంతే అన్నది. దానికి నావద్ద జవాబు లేదు. మా అమ్మ అయిదో తరగతి దాటలేదు. నేను డిప్లొమా చదివాను, పత్రికలు తెప్పిస్తాను, ఆ ఆవరణలో అందరికంటే తెలిసినవాణ్ణని నా నమ్మకం. అమ్మ చేతిలో ఆ పన్ను నేను చూశాను. పాలపన్నేలెమ్మని నేనే అన్నాను. తరువాత కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన చేయడం తప్పని నేననడం లేదు. అయిదు నిమిషాలు ఆగి పన్ను సంగతి చూసి తరువాత చేసినా దేవుడు వినేవాడే.

అమ్మ దగ్గరకు వెళ్ళి, "క్షమించమ్మా, తప్పు నాది కూడా" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నీ పాలపళ్ళు అన్నీ నేనే వేశానురా కప్పు మీద. ఒక్కటీ రాకుండా పోలేదు" అన్నది. ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నది.

ఇంట్లో ఏదైనా నష్టం జరిగితే ఎవరి వల్ల జరిగిందని వెతకడం మన అందరికీ అలవాటు. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేమని సామెత ఉంది గాని, ఊడిన తరువాత మాత్రం ఏ రాయో తేల్చేదాకా మనకు నిద్రపట్టదు. ఆ పిడి వదిలేసిన అమ్మాయి తల్లిదండ్రులు మరునాడు గుడ్లు, అరటిపళ్ళు పట్టుకుని తలవంచుకుని వచ్చారు. వాళ్ళను మా ఇంటావిడ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. నాకంటే ఆమెకే బుద్ధి ఎక్కువ.

ఇక డాక్టరుగారు చెప్పిన సంగతికి వస్తాను. తరువాత చాలాసార్లు ఆయన దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది గనుక నా సందేహాలన్నీ అడిగి తెలుసుకున్నాను.

పన్ను చిగురులో మేకులాగా దిగగొట్టినది కాదట. పంటి వేరుకు, ఎముకకు మధ్య సన్నని నరాల పీచు వంటి పొర ఉంటుంది. పన్ను ఊడినప్పుడు ఆ పొర తెగి, సగం వేరును అంటిపెట్టుకుని బయటకు వస్తుంది. కంటికి కనబడదు గాని అది ప్రాణమున్న పొర. దానిలోని కణాలు బ్రతికి ఉంటే, పంటిని మళ్ళీ గుంటలో పెట్టినప్పుడు అవి అతుక్కుంటాయి. ఆ కణాలకు శత్రువు ఆరుదల. గాలి తగిలి ఎండేకొద్దీ నిమిష నిమిషానికి చచ్చిపోతాయి. అరగంట లోపల పన్ను తన చోటికి చేరితే మంచి ఆశ ఉంటుంది. పొడిగా గంట గడిస్తే వేరు మీద బ్రతికి ఉన్నది దాదాపు ఏమీ ఉండదు. అందుకని ఊడిన పన్నును రుమాలులోనో కాగితంలోనో మడిచి జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరకు పరుగెత్తడం, పాపం, మంచి మనసుతో చేసే తప్పు. పేడలో పెట్టడం సంగతి సరేసరి. మట్టిలో, పశువుల పేడలో ధనుర్వాతం కలిగించే క్రిమి ఉంటుంది.

అందుచేత మొదట చేయవలసినది పన్ను వెతకడం. దొరికాక దాన్ని తలవైపు, అంటే మనం నవ్వితే కనబడే వైపు పట్టుకోవాలి. వేరు వైపు వేలు తగలకూడదు. మట్టి అంటితే కాసిని పాలతో గాని, పిల్లవాడి ఉమ్మితో గాని తేలికగా కడగాలి. ఏదీ లేకపోతే చన్నీళ్ళు కొద్ది క్షణాలు పోసి ఊరుకోవాలి. తోమకూడదు, సబ్బు పెట్టకూడదు, పైటకొంగుతో తుడవకూడదు. మన ఆడవాళ్ళకు ఏది కనబడితే అది కొంగుతో తుడవడం అలవాటు గనుక ఈ మాట విడిగా వ్రాస్తున్నాను.

అన్నిటికంటే మంచి పని, పిల్లవాడు తెలివిగా ఉండి సహకరిస్తే, అక్కడికక్కడే ఆ పంటిని దాని గుంటలో, పక్క పంటిని చూసుకుని ముందువైపు ముందుకే ఉండేటట్టు నెమ్మదిగా నొక్కి పెట్టి, మడిచిన గుడ్డను మెల్లగా కొరికి పట్టుకోమని డాక్టరు దగ్గరకు తీసుకుపోవడం. చదువుతుంటేనే మీకు చేతులు వణుకుతున్నాయని నాకు తెలుసు. నాకూ వణుకుతాయి. అంత ధైర్యం లేనివాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. పంటిని పాలలో వెయ్యాలి.

పాలే ఎందుకని అడిగాను. మంచినీళ్ళలో ఉప్పు, ఖనిజాలు చాలా తక్కువ గనుక ఆ కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయట. పాలలో ఉండే సాంద్రత మన శరీరంలోని ద్రవాలకు దగ్గరగా ఉంటుంది గనుక కణాలు కొన్ని గంటలు ఓర్చుకుంటాయి. గేదె పాలైనా ఆవు పాలైనా ప్యాకెట్టు పాలైనా సరే, చల్లగా ఉండాలి. పొయ్యి మీద నుంచి దించిన వేడిపాలు వద్దు, చక్కెర వేసినవి వద్దు, పెరుగు, మజ్జిగ అసలే వద్దు. పాలు దొరకకపోతే ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సెలైను సీసా ఉంటుంది, అందులో వేయవచ్చు. అదీ లేకపోతే పిల్లవాణ్ణి ఒక గ్లాసులో ఉమ్మమని ఆ ఉమ్మిలో వేయాలి. పెద్దవాళ్ళయితే బుగ్గలో పెట్టుకుని వెళ్ళవచ్చు గాని చిన్నపిల్లలు మింగేస్తారు. ఏదీ లేనప్పుడు మంచినీళ్ళే గతి. పొడిగా ఉంచడం కంటే అదే నయం.

పాలపన్ను ఊడితే మాత్రం మళ్ళీ పెట్టకూడదు. లోపల ఎదుగుతున్న అసలు పన్ను దెబ్బతినవచ్చు. ఏది పాలపన్నో ఏది కాదో మీకు తెలియకపోతే తేల్చే పని మీరు పెట్టుకోకండి. పాలలో వేసి తీసుకుపోండి, ఆయన తేలుస్తాడు. ఆలస్యమైపోయిందని కూడా పారెయ్యకండి. నా వంటివాడు పారేసిన తరువాత ఏమీ చేయలేం. పన్ను ఊడక ముక్క విరిగితే ఆ ముక్కను కూడా తీసుకుపోవాలి, అతికించే వీలుంటుంది. ఎంత వెతికినా దొరకకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పెదవిలో గుచ్చుకుని ఉండవచ్చు, ఊపిరి గొట్టంలోకి పోయి ఉండవచ్చు. దెబ్బ తగిలిన పిల్లవాడు స్పృహ తప్పినా, వాంతులు చేసుకున్నా, మత్తుగా ఉన్నా పంటి సంగతి తరువాత. ముందు పెద్దాసుపత్రి.

చిన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పళ్ళ డాక్టరు సాధారణంగా ఉండడు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో అడగాలి. మన వైపువారికి విజయవాడలోను, తెలంగాణవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోను ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రులున్నాయి. మీ దగ్గరి పట్నంలో పళ్ళ డాక్టరు ఎవరో, ఎక్కడో, ఫోను నంబరు ఏమిటో ఈ రోజే తెలుసుకుని గోడ కేలండరు మీద వ్రాసిపెట్టుకోండి. రక్తం చూసిన తరువాత వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

పైపన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని, పళ్ళ జోలికి పోతే మెదడుకు దెబ్బని మన ఊళ్ళలో ఇంకా చెప్పుకుంటున్నారు. నేను ఆ డాక్టరుగారిని అడిగితే ఆయన తన కళ్ళజోడు తీసి, "నా పైపళ్ళన్నీ ఉన్నాయి పాస్టరుగారూ, చూపే తగ్గింది" అన్నారు. పంటి నరాలు వేరు, కంటిచూపు నరాలు వేరు.

మా పెద్దమ్మాయి విషయానికి వస్తే, గాయం మానిన తరువాత తీసి పెట్టుకునే పన్ను ఒకటి చేయించాం. దానికి 800 రూపాయలైంది. పిల్ల ఎదుగుతుంటే అది బిగుతైపోతుంది గనుక రెండుసార్లు మార్చాం. ఎముకలో మరబిగించే పన్ను ఎదుగుదల ఆగాకనే వేయాలట. లేకపోతే పక్కపళ్ళు కిందికి దిగుతుంటే అది ఒక్కటే పైన ఉండిపోతుంది. మొదటి సంవత్సరం అది నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. బడిలో ఎవరో ఏదో అన్నారు. ఏమన్నారో ఇప్పటికీ చెప్పలేదు. క్రిస్మసు పాటల్లో ముందువరుసలో నిలబడే పిల్ల ఆ ఏడు వెనకవరుసకు పోయింది. పొడుగు పిల్లలు వెనక నిలబడాలని చెప్పారన్నది. అది పొడుగు పిల్ల కాదు. మా అమ్మ ఆ మాట విని ఏమీ అనలేదు.

2019 డిసెంబరులో, పండుగకు రెండు వారాల ముందు, సాయంత్రం వేళ ఆవరణలో మగపిల్లలు క్రికెట్టు ఆడుతున్నారు. బ్యాటు వెనక్కి తిప్పినప్పుడు వెనక నిలబడ్డ పిల్లవాడి మూతికి తగిలింది. పదకొండేళ్ళవాడు, కూలిచేసుకుని బ్రతికే కుటుంబం. నేను మందిరంలో కుర్చీలు సర్దిస్తున్నాను. నాకంటే ముందు మా అమ్మ అక్కడికి చేరింది. డెబ్బయి దాటిన మనిషి అంత వేగంగా నడవడం నేనెన్నడూ చూడలేదు.

"ఎవరూ కదలకండి! పన్ను తొక్కుతారు!" అని అరిచింది. పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లాగా నిలబడిపోయారు. తానే వంగి ఇసుకలో వెతికి, రెండు వేళ్ళతో తలవైపు పట్టుకుని తీసింది. "పాలు! పాలు తెండే!" అని కేక. మా ఇంటావిడ సాయంత్రం కాఫీకి ఉంచిన పాలు స్టీలు గ్లాసులో తెచ్చింది. అమ్మ ఆ గ్లాసును ముందు వేలితో తాకి చూసింది, వేడిగా ఉన్నాయేమోనని. తరువాత పన్ను అందులో వేసింది. గుంటలో నొక్కి పెట్టడానికి మాత్రం ఆవిడకూ ధైర్యం చాలలేదు, నాకూ చాలలేదు.

పిల్లవాడి తండ్రి వచ్చి, "అయ్యగారూ, శనివారం కూలిడబ్బులిస్తారు, అప్పుడు తీసుకుపోతానండి" అన్నాడు. ఆ మాట మన ఇళ్ళలో ఎంత మామూలు మాటో మీకు తెలుసు. పంటి జబ్బుకు శనివారం దాకా ఆగడం మనకు కొత్త కాదు, నెలలు కూడా ఆగుతాం. లవంగం పెట్టుకుంటాం, పంటి బిగువున ఓర్చుకుంటాం. ఈ ఒక్క విషయంలో శనివారం లేదు. నేను అతనికి వివరించబోయేలోగా మా అమ్మ, "డబ్బులు తరువాత. బండెక్కు" అన్నది. నా మోటారు సైకిలు మీద పిల్లవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. తండ్రి వెనక కూర్చుని, ఒక చేత్తో కొడుకును, ఒక చేత్తో గ్లాసును పట్టుకున్నాడు. గ్లాసు మూతికి అమ్మ పలచని గుడ్డ కట్టింది. 14 కిలోమీటర్లు నేను ఎన్ని గుంతలు తప్పించానో లెక్కలేదు.

దెబ్బ తగిలిన దగ్గరనుంచి కుర్చీలో పడుకోబెట్టేదాకా సుమారు 50 నిమిషాలు. డాక్టరుగారు గ్లాసులోకి తొంగిచూసి, "ఎవరు చేశారిది?" అని అడిగారు. ఆయన మత్తుమందిచ్చి, గుంట కడిగి, పంటిని దాని చోట పెట్టి, పక్కపళ్ళతో కలిపి సన్నటి తీగ అతికించారు. టి.టి. చేయించమన్నారు, మందులు వ్రాశారు. రెండు వారాలు మెత్తటి అన్నం, మెత్తటి బ్రష్షు, ఆటలు బంద్. తరువాత తీగ తీసేసి పంటి లోపలి నరానికి వైద్యం చేశారు. ఆ ఖర్చులో కొంత మా స్త్రీల సమాజంవారు, కొంత ఆ బ్యాటు తిప్పిన పిల్లవాడి తండ్రి ఇచ్చారు. డాక్టరుగారు తన రుసుము సగమే తీసుకున్నారు.

ఇలా పెట్టిన పన్ను ఎన్నాళ్ళుంటుందని అడిగితే ఆయన మొదటినుంచీ ఒకటే చెప్పారు. కొన్ని ఏళ్ళకేళ్ళు ఉంటాయి, కొన్నిటి వేరును ఎముక మెల్లగా తినేస్తుంది, అందుకే అప్పుడప్పుడు వచ్చి ఫోటో తీయించుకుని చూపించుకోవాలి. ఆ పిల్లవాడి పన్ను పక్కదానికంటే కొంచెం రంగు తగ్గింది. ఇప్పటిదాకా అయితే ఉంది. వాడు ఇప్పుడు పాలిటెక్నిక్కు చదువుతున్నాడు.

ఆ రాత్రి మేము తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర. అందరూ తిని పడుకున్నారు. అమ్మ మాత్రం అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. పక్కన మా పెద్దమ్మాయి.

"పెట్టారా?" అన్నది.

"పెట్టారమ్మా. పాలలో వేసి మంచి పని చేశారని డాక్టరుగారు మరీమరీ చెప్పమన్నారు."

మా పెద్దమ్మాయి నాయనమ్మ భుజం మీద తల పెట్టుకుని నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చీకట్లో ఉన్నాం గనుకనో ఏమో నాకు తెలియదు.

అమ్మ కాసేపు ఊరుకుని, "గ్లాసేదిరా?" అన్నది.

గ్లాసు అక్కడే మరిచిపోయాం. మా నాన్న పేరు చెక్కించిన స్టీలు గ్లాసు, వాళ్ళ పెళ్ళినాటిది. రేపే వెళ్ళి తెస్తానన్నాను.

"ఎందుకులే, అక్కడే ఉండనీ. ఆయనకు పనికొస్తుంది" అని లేచి లోపలికి వెళ్ళింది.